ఫ్లాట్‌లో రాత్రిపూట ప్రాక్టీసు: 10 వేల లోపు గిటార్ ఆంప్ ఏది తీసుకోవాలి?

ఆరోతీగ:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ అకౌస్టిక్ మీదే లాగించాను. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ తీసుకున్నాను. స్ట్రాట్ మోడల్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కో దాంట్లో ఒకే తీగచుట్ట). గిటార్ బాగానే కుదిరింది, దాని శబ్దం పెంచి వినిపించే ఆంప్ దగ్గర ఆగిపోయాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్. కింద ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, పక్క గోడ అవతల ఇంటర్ చదివే అబ్బాయి. ఆఫీసు నుంచి వచ్చి, తిని, గిటార్ పట్టుకునేసరికి రాత్రి పది దాటుతుంది. ఆదివారం పగలు మాత్రం కాస్త శబ్దం చేసుకోవచ్చు. బడ్జెట్ 10 వేలు. మరీ బాగుంటే ఇంకో వెయ్యో రెండు వేలో సాగదీస్తాను. ఎక్కువగా పాత సినిమా పాటల మెలొడీలు వాయిస్తాను, అప్పుడప్పుడూ కొంచెం రాక్.

డాబా గార్డెన్స్ వైపు ఒక షాపులో అడిగితే "40 వాట్లు తీసుకోండి సార్, రేపు స్టేజీకి కూడా పనికొస్తుంది" అన్నాడు. నాకు స్టేజీ ఎక్కే ఉద్దేశమే లేదు. అందాకా హోమ్ థియేటర్‌కి పెట్టి చూస్తే శబ్దం సన్నగా, మసకగా వస్తోంది. ఇంకో సంగతి, మా పిన్ని కొడుకు వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు. "ఇక్కడ చవక అన్నయ్యా, తెమ్మంటే తెస్తా" అంటున్నాడు. తెమ్మనమంటారా?

గాజువాక_గిటార్:

వాల్వ్ ఆంప్ తీసుకో గురూ, పాతకాలం రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది. 5 వాట్లది సెకండ్ హ్యాండ్‌లో తగిలితే వదలకు. ఆ టోన్ ఒకసారి చెవిన పడ్డాక ట్రాన్సిస్టర్ ఆంపులు ఏవీ ఆనవు. మిగతావన్నీ ఆటబొమ్మలే.

నిద్రపోని_స్ట్రాట్:

గాజువాక గారూ, ఆయన రాత్రి పది తర్వాత వాయిస్తానంటుంటే వాల్వ్ ఆంప్ అంటారేమిటండీ? దాని అసలు టోన్ బయటికి రావాలంటే పెంచాలి. 5 వాట్లే అయినా, పెంచితే అపార్ట్‌మెంట్ మొత్తానికి కచేరీ. పైగా 10 వేలకి మంచి వాల్వ్ ఆంప్ ఎక్కడొస్తుంది?

ఆరోతీగ గారూ, ముందు ఒకటి చెప్పండి. వారంలో హెడ్‌ఫోన్స్‌తో ఎంతసేపు వాయిస్తారు, స్పీకర్‌తో ఎంతసేపు? మీ జవాబు అందులోనే ఉంది. మా పాప పుట్టాక నా పెద్ద ఆంప్ మీదకి బట్టలు చేరాయి. ఇప్పుడు వాడేది గిటార్ జాక్‌లోనే నేరుగా గుచ్చుకునే వాక్స్ ఆంప్లగ్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. రెండు ట్రిపుల్ ఎ బ్యాటరీలు వేస్తే చాలు. ఫోన్ నుంచి పాట కలుపుకోవడానికి ఆక్స్ ఇన్ ఉంది. పాపని జోకొడుతూ ఒక చేత్తో గిటార్ అందుకోవచ్చంటే నమ్మండి. గది నిండా మోగే అనుభవం మాత్రం దాంతో రాదు.

పాతరేడియో:

ఆరోతీగ బాబూ, నేను గిటార్ వాయించను. మా అబ్బాయి వాయిస్తాడు, నేను రిపేర్లు చూస్తాను. కాబట్టి టోన్ గొడవలు మీరు మీరు తేల్చుకోండి, కరెంటు సంగతి నేను చెప్తాను.

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెళ్ళు. మన చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. ఆ లెక్కన 10 వాట్లకీ 40 వాట్లకీ తేడా 6 డెసిబెళ్ళే. ఇక ఇంటి సంగతి చూడండి. 12 అంగుళాల గిటార్ స్పీకర్ మామూలుగా ఒక్క వాటుకే మీటరు దూరంలో 95 డెసిబెళ్ళకు పైన మోగుతుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకి పెట్టిన పరిమితి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్ళు. ఒక్క వాటే ఎక్కువైపోతుంటే 40 ఏం చేసుకుంటారు?

అసలు బాధ నాబ్ దగ్గర ఉంది. పెద్ద ఆంపుల్లో సున్నాకీ ఒకటికీ మధ్యనే మీ ఇంటి వాల్యూమ్ అంతా అయిపోతుంది. వెంట్రుకవాసి తిప్పితే ఏమీ వినపడదు, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే కింది ఇంటాయన కాలింగ్ బెల్ కొడతాడు. గ్యాస్ స్టవ్ సిమ్‌లో పెట్టబోతే ఆరిపోయినట్టుంటుంది వ్యవహారం. చిన్న ఆంప్‌లో అదే నాబ్ సగం దాకా తిప్పుకోవచ్చు, చెయ్యి ఆగుతుంది.

హోమ్ థియేటర్‌లో మసక ఎందుకంటే, గిటార్ పికప్ అనేది సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని అందుకునే ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, ఎక్కువ ఉండాలి, గిటార్ ఆంపుల్లో సుమారు 10 లక్షల ఓములు ఉంటుంది. హోమ్ థియేటర్ లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓముల చుట్టుపక్కల. ఆ లోడు పడగానే ట్రెబుల్ అంతా చచ్చిపోతుంది. సరే కదా అని శబ్దాన్ని రాక్ పాటల్లోలా గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ మధ్యలో పెట్టారనుకోండి, ఇంకో తలనొప్పి. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఆ కోత వల్లే డిస్టార్షన్ ఇంపుగా వినిపిస్తుంది. హోమ్ థియేటర్‌లో సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ ఉంటుంది, అది ఆ పైవన్నీ పలికించి చెవిలో పొడుస్తుంది. దాన్ని సినిమాలకే ఉంచండి.

ఆరోతీగ:

పాతరేడియో గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్సండీ. 40 వాట్ల మాట ఇక్కడితో వదిలేశాను.

నిద్రపోని గారూ, మీరడిగాక ఆలోచిస్తే, హెడ్‌ఫోన్సే ఎక్కువ. సోమవారం నుంచి శనివారం దాకా పూర్తిగా అవే. ఆదివారం ఓ రెండు గంటలు స్పీకర్. కానీ ఆ రెండు గంటలు కూడా నాకు కావాలి, వారమంతా దాని కోసమే చూస్తాను.

డెసిబెల్:

వారంలో ఆరు రోజులు హెడ్‌ఫోన్స్ అయితే ఆంపే వద్దు బ్రో. గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకో. నీకు ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. గిటార్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ఇంటర్‌ఫేస్ నీ బడ్జెట్‌లోనే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు, ఆంపుల సౌండ్‌ని అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ పూర్తిగా ఉచితం. గాజువాక అన్న చెప్పే ఆ వాల్వ్ ఆంపులన్నిటినీ జనం క్యాప్చర్ చేసి నెట్‌లో పెట్టారు. మధురవాడలో నా గది పది బై పది. అందులో లక్షల ఖరీదు చేసే ఆంపుల సౌండ్‌తో వాయిస్తున్నా, గోడ అవతలికి ఒక్క ముక్క వినపడదు.

లేటెన్సీ, అంటే మీటాక వినిపించడానికి పట్టే ఆలస్యం, దానికి భయపడకు. ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సౌండ్ డ్రైవర్) వేసి బఫర్ 128 శాంపిళ్ళకి పెట్టావనుకో, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 3 మిల్లీసెకన్ల లోపే. రానూ పోనూ అన్నీ కలిపినా పది చుట్టుపక్కల ఆగుతుంది. ఆంప్‌కి పది అడుగుల దూరంలో నిలబడితే గాలిలో శబ్దం నీ దాకా రావడానికే 9 మిల్లీసెకన్లు పడుతుంది, అప్పుడు ఎవరూ కంప్లైంట్ చెయ్యరు కదా.

ఒక్క జాగ్రత్త. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం వాయించకు. మీటిన తర్వాత ఎప్పటికో వినిపిస్తుంది, మామూలు బ్లూటూత్‌లో 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. తాళం చెడిపోతుంది. వైరున్న హెడ్‌ఫోన్సే కావాలి.

భీమిలి_బ్లూస్:

డెసిబెల్ చెప్పిన లెక్క సరైనదే, కానీ నేను ఒప్పుకోను. పిల్లలకి గిటార్ నేర్పుతాను కాబట్టి నాకు కనిపించింది చెప్తున్నా. రాత్రి పది గంటలకి అలిసిపోయి వచ్చినవాడు ల్యాప్‌టాప్ తెరిచి, అప్‌డేట్ అడిగితే సరే అని, డ్రైవర్ చూసుకుని, ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసి ఉంచిన సౌండ్ సెట్టింగులు) ఒకటొకటి మార్చుకుంటూ కూర్చుంటాడు. పదకొండు అవుతుంది. గిటార్ ఒళ్ళో ఉంటుంది, వేళ్ళు మాత్రం మౌస్ మీద ఉంటాయి. స్విచ్ వెయ్యగానే మోగే వస్తువు ఉంటే ఆ గంట స్కేలు వాయిస్తాడు.

అకౌస్టిక్ నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో ఇబ్బంది. ఎలక్ట్రిక్‌లో వాయించని తీగలు కూడా మోగుతుంటాయి, వాటిని అరచేత్తో, ఎడమ చేతి వేళ్ళతో నొక్కి ఆపడం నేర్చుకోవాలి. డిస్టార్షన్ లేని క్లీన్ టోన్‌లో, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) తగ్గించి, చిన్న స్పీకర్‌లో వింటే ఆ లోపాలు బయటపడతాయి. ప్రీసెట్‌లో సగం రివర్బ్, సగం డిలే (ప్రతిధ్వనిలాంటి ఎఫెక్టులు) వేసుకుంటే అన్నీ అందులో దాక్కుంటాయి.

డెసిబెల్:

మాస్టారూ, ప్రీసెట్ మార్చొద్దని తనకి తాను చెప్పుకుంటే చాలదా? పైగా రికార్డింగ్ కూడా వస్తుంది. తన తప్పు తనే వినొచ్చు.

భీమిలి_బ్లూస్:

చెప్పుకుంటే చాలే పని అయితే ఈపాటికి మనమందరం ఎక్కడో ఉండేవాళ్ళం. రికార్డింగ్‌కి ఫోన్ చాలు నాయనా.

గాజువాక_గిటార్:

నా వాల్వ్ ఆంప్ మీద ఎవరూ ఒక్క మంచి మాట కూడా అనలేదు. గుర్తుంచుకుంటా.

పాతరేడియో:

నేనంటాను గాజువాక. వాల్వ్ ఆంప్ లోపల వందల వోల్టులుంటాయి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ చార్జి మిగిలి ఉండి ప్రాణం మీదకి తెస్తుంది. సెకండ్ హ్యాండ్ తీసుకుని మూత విప్పేవాళ్ళు ముందు ఇది తెలుసుకోవాలి. మంచి మాటే కదా?

ఆరోతీగ బాబు అడిగిన డల్లాస్ సంగతి అందరూ మర్చిపోయారు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆంప్ వెనక పవర్ కార్డు గుచ్చే చోట 120 వోల్ట్స్ అని మాత్రమే రాసి ఉంటే, దాన్ని ఇక్కడ నేరుగా పెడితే ఫ్యూజ్ పోతుంది. అదృష్టం బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ అదొక బరువు, అదొక ఖర్చు. పైగా 60 హెర్ట్జ్‌కని చేసినది 50 మీద కాస్త ఎక్కువే వేడెక్కుతుంది. విడి అడాప్టర్‌తో నడిచేవి వేరు. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. తెమ్మనాలనుకుంటే ముందు ఆ అక్షరాల ఫోటో పంపమనండి.

నిద్రపోని_స్ట్రాట్:

దానికి తోడు ఇక్కడ వారంటీ అడిగితే చేతులెత్తేస్తారు. తమ్ముడిని తీగల సెట్లు తెమ్మనండి, బ్యాగులో బరువుండదు. మన సముద్రపు గాలికి ఎన్ని సెట్లయినా చాలవు. బీచ్ రోడ్డుకి దగ్గరున్నవాళ్ళ గిటార్లు చూడండి, వాయించి తుడవకుండా వదిలేస్తే సన్న తీగలు ఇట్టే తుప్పు పడతాయి.

ఆరోతీగ:

ఆంప్ వద్దన్నాను, తీగలే చెప్పాను. వాడు కూడా హమ్మయ్య అనుకున్నాడు.

ఇప్పుడో కొత్త సమస్య. ఫ్రెండ్ దగ్గర చిన్న ఆంప్ ఉంటే వారం కోసం తెచ్చుకున్నాను. వాళ్ళింట్లో శుభ్రంగా మోగింది. మా ఇంట్లో పెట్టగానే 'గుయ్యిఁ' మని ఒకటే రొద. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే పోతోంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది. గిటార్ పాడైందా, ఆంప్ పాడైందా?

పాతరేడియో:

రెండూ బాగానే ఉన్నాయి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే పోతోందంటే రొద పికప్ లాగుతోంది, ఆంప్ పుట్టించడం లేదు. సింగిల్ కాయిల్ స్వభావమే అది, చుట్టూ ఉన్న కరెంటు వైర్ల రొదని యాంటెనాలా పట్టేస్తుంది. ఈ బాధ పడలేకే రెండు కాయిళ్ళు ఎదురెదురుగా కలిపి రొదని రద్దు చేసే హంబకర్ పుట్టింది. గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1955లో దానికి పేటెంట్ దరఖాస్తు చేశాడు.

మీరు చెయ్యాల్సింది ఇది. ఆంప్ ఆన్‌లో ఉంచి సీలింగ్ ఫ్యాన్ చూడండి. గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే, ఫ్యాన్ సగం స్పీడులో ఉన్నప్పుడు రొద ఎక్కువగా ఉంటుంది. ఫుల్ స్పీడులో పెట్టండి, లేదా ఆపండి. తేడా తెలిసిపోతుంది. తర్వాత డిమ్మర్ లైట్లు, ఫోన్ చార్జర్లు ఒకటొకటిగా తీయండి. తర్వాత గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే మెల్లగా తిరగండి. ఒక దిక్కులో రొద బాగా తగ్గుతుంది. చివరగా పికప్ స్విచ్ 2, 4 స్థానాల్లో పెట్టి చూడండి. మధ్య పికప్‌ని ఉల్టా చుట్టి ఉంటే అక్కడ రొద దాదాపు పోతుంది. ఈ మధ్య వచ్చే చాలా స్ట్రాట్‌లలో అలాగే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వాయిస్తే కూడా రొద మారుతుంది. ప్యూర్ సైన్ వేవ్ కాని పాత ఇన్వర్టర్లు పదునైన బుర్రుమనే శబ్దం ఇస్తాయి. అది ఆంప్ తప్పు కాదు.

చెయ్యి వేస్తే తగ్గడం మామూలే. కానీ ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: చెయ్యి వేస్తే జివ్వుమంటే వెంటనే ఆపెయ్యండి. సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడటం, పెద్ద పిన్ను కోసెయ్యడం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. గిటార్ తీగలు ఆంప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్తింగ్ లేని చోట ఆంప్‌లో లీకేజీ ఉంటే ఆ కరెంటు మీ వేళ్ళలోకే వస్తుంది.

ఆరోతీగ:

ఫ్యాన్ రెగ్యులేటరే! ఫుల్‌లో పెట్టగానే సగానికి సగం పోయింది. మిగిలింది టీవీ వైపు నుంచి కుర్చీ తిప్పితే పోయింది. ఎర్తింగ్ కూడా చూపించాను, బాగానే ఉందన్నాడు.

సరే, శనివారం షాపులకి వెళ్తున్నాను. ఏమేం చూడాలో చెప్పండి.

భీమిలి_బ్లూస్:

మీ గిటార్, మీ కేబుల్, మీరు రాత్రి పెట్టుకునే హెడ్‌ఫోన్స్, మూడూ తీసుకెళ్ళండి. షాపువాడి ఖరీదైన గిటార్‌తో ఏ ఆంప్ అయినా బాగానే మోగుతుంది. షాపు కుర్రాడు వాల్యూమ్ పెంచి ఏదో వేగంగా వాయించి చూపిస్తాడు. చూసి ఆనందించండి, లెక్కలోకి తీసుకోకండి. మీరు మాట్లాడితే పక్కనున్నవాళ్ళకి వినిపించేంత వాల్యూమ్‌లో పెట్టి క్లీన్‌లో ఒక మెలొడీ వాయించండి. ఆ వాల్యూమ్‌లోనే మీరు బతకబోతున్నారు. స్పీకర్ మరీ చిన్నదైతే అక్కడ లావు తీగలు డొల్లగా వినిపిస్తాయి. తర్వాత ఏమీ వాయించకుండా కాసేపు వినండి, ఆంప్ సొంత రొద ఎంతో తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబూ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. మన ఊరి తేమకి లోపల కాంటాక్టులు పాడై కరకరమంటాయి. అది కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, బేరానికి మాత్రం పనికొస్తుంది. జాక్‌లో కేబుల్ కదిపినప్పుడు శబ్దం ఆగి ఆగి వస్తే అది వేరే పని, రేటు బాగా తగ్గించాలి.

నిద్రపోని_స్ట్రాట్:

హెడ్‌ఫోన్ సాకెట్ ఉందా లేదా అని చూసి ఊరుకోకండి, అందులో డిస్టార్షన్ వేసి వినండి. పాతరేడియో గారు చెప్పిన ఆ 5 వేల హెర్ట్జ్ కోత అన్ని ఆంపుల హెడ్‌ఫోన్ అవుట్‌లోనూ సరిగ్గా ఉండదు. ఉన్నదానికీ లేనిదానికీ తేడా మీ చెవే చెప్తుంది. ఫోన్‌లో పాట పెట్టుకోవడానికి ఆక్స్ ఇన్ ఉందో లేదో కూడా చూడండి. రాత్రుళ్ళు పాటతో పాటు వాయించకపోతే మెలొడీ ప్రాక్టీసు సాగదు.

హుద్‌హుద్_బాధితుడు:

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. బ్యాటరీతో నడిచేది తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక సీతమ్మధారలో మాకు కరెంటు లేదు, ఫోన్లు లేవు, పడిపోయిన చెట్లే ఉన్నాయి. రాత్రి మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంటే, మా పై ఇంటి కుర్రాడు బ్యాటరీ ఆంప్‌తో వాయించాడు. అప్పటిదాకా వాడిని తిట్టినవాళ్ళందరూ ఇంకోటి వాయించమన్నారు.

ఆరోతీగ:

వెళ్ళొచ్చాను. సగం రోజు పట్టింది. రెండు చోట్ల తిరిగాను, ఒక చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటానంటే విచిత్రంగా చూశారు. విన్నవి చెప్తాను, తప్పులుంటే దిద్దండి.

ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి: 10 వాట్లు, 6 అంగుళాల స్పీకర్. క్లీన్ నాకు బాగా నచ్చింది, నా గిటార్‌కి సరిపోయింది. డిస్టార్షన్ మాత్రం స్పీకర్‌లో పర్వాలేదు, హెడ్‌ఫోన్స్‌లో గరగర. ఆక్స్ ఉంది.

మార్షల్ ఎంజి10: ఇదీ 10 వాట్లే, స్పీకర్ ఆరున్నర అంగుళాలు. రాక్ వాయిస్తే దీని ముందు మిగతావి దిగదుడుపే. నా పాత పాటలకి మాత్రం కాస్త మొరటుగా అనిపించింది.

ఆరెంజ్ క్రష్ 12: 12 వాట్లు, 6 అంగుళాలు. హెడ్‌ఫోన్స్‌లో చాలా బాగుంది. స్పీకర్ కోత సర్క్యూట్ లోపలే పెట్టాడట. కొనేద్దామనుకున్నా, కానీ ఆక్స్ ఇన్ లేదు! అంత చేసినవాడు ఆ ఒక్క సాకెట్ ఎందుకు పెట్టలేదో.

బాస్ కటానా మినీ: 7 వాట్లు, 4 అంగుళాల స్పీకర్. చూస్తే బొమ్మలా ఉంది. డిస్టార్షన్ హెడ్‌ఫోన్స్‌లో కూడా ఇంపుగా ఉంది, ఆక్స్ ఉంది, కొంచెం డిలే కూడా ఇచ్చాడు. ఆరు డబుల్ ఎ బ్యాటరీలతో నడుస్తుంది. కరెంటు అడాప్టర్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. స్పీకర్‌లో బేస్ తక్కువే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు మనసు ఫ్రంట్‌మ్యాన్‌కీ కటానా మినీకీ మధ్య ఊగుతోంది.

గాజువాక_గిటార్:

4 అంగుళాలా! అది ఆంపా, కాలింగ్ బెల్లా? క్రష్ తీసుకుని పాట ఫోన్ స్పీకర్‌లో పెట్టుకో.

ఆరోతీగ:

రాత్రి పదకొండుకి ఫోన్ స్పీకర్‌లో పెడితే హెడ్‌ఫోన్స్ ఎందుకు అన్నా?

డెసిబెల్:

నేనింకా ఇంటర్‌ఫేస్ మీదే ఉన్నా. కానీ ఆ నాలుగింట్లో అయితే మినీయే. నీ వారంలో ఆరు రోజుల పని అది బాగా చేస్తుంది. ఆదివారం కోసం ఆంప్ ఎంచుకుంటే మిగతా ఆరు రోజులూ బాధపడతావు.

భీమిలి_బ్లూస్:

నా ఓటు ఫ్రంట్‌మ్యాన్‌కే. హెడ్‌ఫోన్స్‌లో డిస్టార్షన్ గరగర అంటే, మంచిదే, కొన్నాళ్ళు క్లీన్‌లో వాయించండి. వేళ్ళు బాగుపడతాయి. అయినా నిర్ణయం మీది, చెవులు మీవి.

ఇంకా పెద్దవాటిలో చూస్తే బాస్ కటానా 50 అని ఒకటుంది, 12 అంగుళాల స్పీకర్, పవర్ అర వాటుకి తగ్గించుకునే స్విచ్చు. ఇంట్లోనూ పనికొస్తుంది, బయటా పనికొస్తుంది. కానీ మీ బడ్జెట్ ఎక్కడా అందుకోదు. ఎప్పుడైనా చదువులైపోయి ఊరు వదిలి వెళ్ళే పిల్లలు అమ్మితే చూడండి.

సిరిపురం_సిక్స్‌స్ట్రింగ్:

నా దగ్గర ఒక ఫ్రంట్‌మ్యాన్ ఉంది, వాడటం లేదు. కావాలంటే నంబర్ పెడతాను.

నిర్వాహకుడు:

ఫోన్ నంబర్లు ఇక్కడ వద్దు. ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి. అమ్మకాలకి వేరే విభాగం ఉంది.

ఆరోతీగ:

మినీయే తీసుకున్నాను. మాస్టారూ, కోపం వద్దు. సిరిపురం గారూ, థాంక్సండీ, మీ ఆంప్ మా ఫ్రెండ్ ఒకడు చూస్తానంటున్నాడు, మెసేజ్ పెడతాడు.

రాత్రుళ్ళు హాయిగా ఉంది. ఆదివారం స్పీకర్‌లో బేస్ తక్కువని నేలమీద గోడ మూలకి ఆనించి పెడితే, శబ్దం బాగా నిండుగా వచ్చింది. కానీ సాయంత్రం కింది ఇంటి పిన్నిగారు లిఫ్ట్ దగ్గర కలిసి "ఏటి బాబూ, మీ ఇంట్లో దంచుతున్నారా?" అని అడిగారు.

పాతరేడియో:

మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని పెంచుతాయి, అది మీకు కావాల్సిందే. నేలకి ఆనితే మాత్రం ఆ అదురు స్లాబు గుండా కిందకి దిగుతుంది. ఆవిడకి వినిపించింది అదే. మూలలోనే ఉంచండి, కానీ కుర్చీ మీద దుప్పటి మడతపెట్టి దాని మీద పెట్టండి. స్పీకర్ మీ మోకాళ్ళకి కాకుండా ముఖానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ కూడా తగ్గించుకోవచ్చు.

ఆరోతీగ:

చేశాను, ఈ వారం ఎవరూ ఏమీ అనలేదు. చివరిగా ఒకటి. బ్యాటరీలు ఊరికే అయిపోతున్నాయి. ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఒకటుంది, పిన్ను సరిగ్గా పడుతోంది. పెట్టెయ్యొచ్చా?

పాతరేడియో:

పెట్టకండి! పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు. బాస్ వాళ్ళు వాడేది 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగటివ్. రౌటర్ అడాప్టర్లలో మామూలుగా మధ్యలో పాజిటివ్ ఉంటుంది, చాలావాటిలో వోల్టేజి కూడా 12. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, గుండ్రని చుక్కా దాని చుట్టూ విల్లులాంటి గీతా. చుక్కకి మైనస్ కలిసి ఉంటేనే వాడాలి. ఆంప్ వెనక కూడా అదే బొమ్మ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పెడల్స్‌కి అమ్మే 9 వోల్టుల అడాప్టర్ ఏదైనా మంచిది తీసుకుని, మిల్లీయాంపులు ఆంప్ పుస్తకంలో చెప్పినదానికి తగ్గకుండా చూడండి.

పెందుర్తి_పల్లవి:

ఇదే టాపిక్‌లో అడగొచ్చా? మా అమ్మాయిది సెమీ అకౌస్టిక్, జాక్ ఉన్నది. ఆమెకీ కటానా మినీ తీసుకోవచ్చాండీ?

భీమిలి_బ్లూస్:

వద్దండి. వీళ్ళందరూ ఇంతసేపూ మెచ్చుకున్న ఆ ట్రెబుల్ కోతే మీ అమ్మాయి గిటార్‌ని చంపేస్తుంది. అకౌస్టిక్‌కి ట్వీటర్ ఉన్న అకౌస్టిక్ ఆంప్ కావాలి, మైక్ సాకెట్ కూడా ఉంటే పాడుకోవచ్చు. ఆరోతీగ గారికి పనికిరాని హోమ్ థియేటర్ మీకు చాలావరకు పనికొస్తుంది, గిటార్‌లో బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (సిగ్నల్‌ని ముందే బలపరిచే చిన్న సర్క్యూట్) ఉంటే ఇంపీడెన్స్ గొడవ రాదు. గిటార్ పక్కన నాబులూ, బ్యాటరీ పెట్టే అరా ఉన్నాయేమో చూసి, మోడల్ పేరుతో కొత్త టాపిక్ తెరవండి. అక్కడ మాట్లాడుకుందాం.